వియ్యాలవారు లేవలేదు

“అరవకు!” అన్నాడు బులేకోన్ గుసగుసగా.

“నేనెక్కడ అరిచాను? గుసగుసగానే తిడుతున్నాను,” అంది ఫిలోమెన్.

“నీ గుసగుస కొండ దిగి సముద్రం దాకా వెళ్తోంది.”

“వెళ్ళనీ. దాని వెనకాలే నేనూ వెళ్ళి దూకుతాను.”

మొగుడూ పెళ్ళాం నకమాల్ వెనక వెదురుగోడకి ఆనుకుని నిలబడ్డారు. గోడకి అవతల, ఊరి మగవాళ్ళు చేరి, వేరు నూరి తీసే కవా తాగే ఆ పొడుగాటి పాకలో, నిన్న సాయంత్రం పెళ్ళి మాటలకి వచ్చిన వియ్యాలవారు చాపలమీద వరసగా పడి ఉన్నారు. పొద్దెక్కింది. కొండమీద మంచు విడిచింది. వాళ్ళకోసం కాల్చిన చేమదుంపలు చల్లారాయి, మళ్ళీ వెచ్చబెట్టారు, మళ్ళీ చల్లారాయి. ఒక్కడూ లేవలేదు.

కవా తలకెక్కినవాళ్ళు నకమాల్‌లో ఉండగా చుట్టుపక్కల గొంతెత్తకూడదు. చప్పుడు పడితే కవా విరిగిపోతుందంటారు, పాలు విరిగినట్టు. అందుకని తెల్లారుతూనే ఊళ్ళో కుక్కల్ని వాగు అవతలికి తోలేశారు. కోళ్ళని తోటలోకి తరిమేశారు. ఒక పుంజు మాత్రం నేను పోనని మొండికేస్తే, దాన్ని బుట్టకింద మూసి, బుట్టమీద చాప కప్పి, చాపమీద పక్కింటి ముసలమ్మని కూర్చోబెట్టారు. ఆవిడ పొద్దుటినించీ దిగలేదు. దిగితే పుంజు కూస్తుందని ఆవిడ భయం. నిజానికి పుంజు ఎప్పుడో నిద్రపోయింది.

“రెండో కొబ్బరిచిప్పకే పడిపోయారంటే…” అంది ఫిలోమెన్.

“మన కవా అంత గట్టిది. నలుగురూ చెప్పుకోవాలనే కదా మంచిది తవ్వాను.”

“మంచి కవా అయితే సాయంత్రం మనిషిని మెత్తబరుస్తుంది, హాయిగా పడుకోబెడుతుంది, పొద్దున్నే లేపి తోటకి పంపిస్తుంది. మా నాన్న డెబ్బై ఏళ్ళు దాటినా తాగేవాడు. ఒక్కనాడు పొద్దున కోడికన్నా వెనక లేచాడా?”

“మీ నాన్న సంగతి ఇప్పుడెందుకే?”

“నా కూతురి సంగతి కాబట్టి!”

అసలు బెంగ అదే.

రేపు సాయంత్రానికల్లా పిల్లాడి తండ్రి మోల్గాస్ తన కాళ్ళమీద తను నడిచి, కొండ దిగి, రేవు పక్కన చర్చిలో పాదిరీగారి ముందు నిలబడి పెళ్ళిజంట పేర్లు చెప్పాలి. ఆదివారం ఆ పేర్లు చదవాలి. చదవకపోతే పెండలం నాట్లు మొదలవుతాయి. నాట్లు పడ్డాక ఈ కొండమీద ఎవరూ పెళ్ళి మాటెత్తరు. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఆగాల్సిందే. ఆ లోపల మోల్గాస్ కొడుకు సిరిల్‌ని ఎగరేసుకుపోవడానికి రేవు ఊళ్ళో ముగ్గురు తల్లులు కూతుళ్ళకి నూనె రాసి, తలలు దువ్వి కూర్చుని ఉన్నారు. బులేకోన్ కూతురు ఒడెట్‌కి సిరిల్ తప్ప లోకంలో మగవాడు లేడు. ఆ మాట ఆ పిల్ల ఎవరితోనూ అనలేదు, కానీ మేకపిల్లలకి కూడా తెలుసు.

పైగా ఆ ‘ఒక్క మాట’ ఒకటి.

నిన్న అన్నీ తేలిపోయాయి. పిల్లాడివాళ్ళు ఓలిగా ఇచ్చే ఎర్ర చాపలు తేలాయి, కోరలు తిరిగిన పందులు తేలాయి. రెండో చిప్ప ఒక్క గుక్కలో దించి, బయటికెళ్ళి ఉమ్మి వచ్చి, మోల్గాస్ చెయ్యెత్తాడు. “బులేకోన్ బావా, ఒక్క మాట…” అన్నాడు.

నకమాల్ అంతా చెవులు రిక్కించింది. మాట రాలేదు. మోల్గాస్ మోకాళ్ళు చాపల్లా మడతపడ్డాయి. నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, ఆయన నేలమీదికి దిగిపోయాడు. ఎత్తిన చెయ్యి మాత్రం కాసేపు అలాగే గాల్లో ఉంది. ఆఖర్న అదీ దిగింది.

“చాపలు తగ్గించమంటాడు,” అన్నాడు బులేకోన్. “నాకు తెలుసు వాడి సంగతి. లేవగానే ఆ ఒక్క మాట అంటాడు.”

“ముందు లేవనీ. ఇంతకీ నువ్వు ఏ మొక్క తవ్వావు?”

బులేకోన్ రొమ్ము కాస్త పొంగింది. “బండరాయి పక్కన మా నాన్న పెట్టిన మొక్క.”

ఫిలోమెన్ నకమాల్ నియమం కూడా మరిచిపోయి నోరు తెరిచింది, మళ్ళీ రెండు చేతులతో మూసుకుంది. మొగుడి మోచెయ్యి పట్టుకుని తోటకేసి లాక్కుపోయింది.

* * *

బండరాయి పక్కన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. నరికిన కొమ్మలు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. ఫిలోమెన్ ఒక కొమ్మ తీసి కణుపులు తడిమింది. లావు కొమ్మ, ఒళ్ళంతా నల్ల మచ్చలు. మొగుడి ముక్కుకింద పెట్టింది.

“ఇదేమిటి?”

“కవా.”

“ఏ కవా?”

బులేకోన్ చూశాడు. ముందు కొమ్మని చూశాడు, తరవాత ఆకాశాన్ని చూశాడు, ఆ తరవాత తన కాళ్ళని చూసుకున్నాడు. ఎక్కడ చూసినా ఒకటే జవాబు కనిపించింది.

“రెండ్రోజుల కవానా?” అన్నాడు, ఆ జవాబు వేరే ఎవరో చెప్పినట్టు.

ఆ పేరు చెబితే చాలు, ఈ దీవిలో పెద్దవాళ్ళు తల అడ్డంగా ఊపుతారు. తాగినవాడు రెండు రోజులు మంచం దిగడు. బుర్ర తేటగానే ఉంటుంది, కాళ్ళు మాత్రం పక్కింటివాళ్ళవి అయిపోతాయి. కడుపులో తిప్పుతుంది. అలవాటు చేసుకుంటే ఒళ్ళు పొట్టు రేగుతుంది, మనిషి పనికిరాకుండా పోతాడు. బులేకోన్ వాళ్ళ చిన్నతాత ఒకాయన పొరపాటున దాన్ని తాగి తోటలో పడుకుంటే, లేచేసరికి గుమ్మడితీగ ఆయన మీదికి పాకి, పూసి, కాయ కాసిందట. ఆ కాయ ఆయనే ఇంటికి తెచ్చుకున్నాడు. ఈ కథ ఊళ్ళో అందరికీ తెలుసు. గుమ్మడికాయ ఎంత పెద్దదన్న దగ్గరే తగువు.

“మరి మా నాన్న దానికి నమేలే ఆకు కట్టాడే!” అన్నాడు బులేకోన్ ఏడుపు గొంతుతో.

ఈతమట్టలా ఉండే ఆ నమేలే ఆకు కట్టి ఉంటే దేన్నీ ఎవరూ ముట్టుకోరు. కొబ్బరిచెట్టుకి కట్టినా, రేవులో రాతికి కట్టినా అంతే. అయితే ముట్టుకోవద్దని కట్టేది రెండు కారణాలకి. పాడుదైతే కడతారు. పెద్ద విందుకోసం దాచుకునే మేలైనదైతే కూడా కడతారు. తండ్రి పోయినప్పటినించీ బులేకోన్ ఏటేటా పాత ఆకు ఎండిపోగానే కొత్తది తెచ్చి భక్తిగా కడుతూ వచ్చాడు. నా కూతురి పెళ్ళికి మా నాన్న దాచిన వేరు అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు కూడా.

“కాళ్ళనొప్పికి తొడలమీద రుద్దుకోవడానికి పెట్టుకున్నాడయ్యా మీ నాన్న! ఎవరూ తాగకుండా ఆకు కట్టాడు. నాతో చెప్పాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగావా? ఆయన మాట్లాడుతుంటే నువ్వు ఎప్పుడైనా కూర్చున్నావా?”

“అసలు తప్పంతా నీదే,” అన్నాడు బులేకోన్, దారి దొరికినవాడిలా. “పెళ్ళి తేలేదాకా చిప్ప ముట్టనని నాచేత ఒట్టు వేయించుకున్నావు. లేకపోతే నేనూ ఒక చిప్ప తాగేవాణ్ణి. నాలికమీద పడగానే కనిపెట్టేవాణ్ణి.”

“కనిపెట్టి వాళ్ళ పక్కనే పడి ఉండేవాడివి. అప్పుడు నేనెవర్ని తిట్టుకోను?”

బులేకోన్ పెళ్ళాం పట్టుకున్న కొమ్మకేసి చూస్తూ నిలబడ్డాడు.

“వేరు ఒక్కటే నూరావా? తొక్క గీకి తీశావా?” అంది ఫిలోమెన్, కొంచెం మెత్తబడి.

“అంత తెలివితక్కువవాణ్ణా? తొక్క అంతా తీసేసి, కడిగి, పగడపు రాయితో చేత్తోనే నూరాను. ఆకూ కొమ్మా ఒక్కటీ పడనివ్వలేదు. మంచినీళ్ళు తప్ప ఇంకేం కలపలేదు.”

“వాళ్ళలో ఎవరైనా బీరు తాగారా?”

“పెళ్ళి మాటలకి వచ్చి బీరు తాగుతారా? ఎవరూ లేదు.”

“ఆ తొక్కలూ పిప్పీ ఏం చేశావు?”

“పారేశాను,” అన్నాడు బులేకోన్ గబుక్కున.

“ఎక్కడ?”

“ఎక్కడో పారేశానే! తొక్కలకి కూడా లెక్క చెప్పాలా?”

అప్పుడే ఒడెట్ వచ్చింది. గొయ్యి చూసింది. తల్లి చేతిలో కొమ్మ చూసింది. తండ్రి మొహం చూసింది. ఏమీ అడగలేదు. మాట్లాడే పిల్లైతే బులేకోన్ దబాయించేవాడే. ఊరుకునే పిల్లతో ఏ తండ్రి వేగగలడు?

“నాన్నా, అత్తగారు వచ్చారు,” అంది ఆఖర్న. “కొండ కింద బండి దిగారు. ఎక్కుతున్నారు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. వినిపిస్తున్నారు.”

నిజమే. మోల్గాస్ పెళ్ళాం జసింత్ గొంతు మామూలు గొంతు కాదు. ఆవిడ రేవులో నిలబడి మొగుణ్ణి భోజనానికి పిలిస్తే, ఎదుటి దీవిలో మగవాళ్ళు కూడా చేతులు కడుక్కుని కూర్చుంటారని చెప్పుకుంటారు.

“ఆవిడకి ఏం చెబుదాం?” అన్నాడు బులేకోన్.

“నిజం,” అంది ఒడెట్.

“వియ్యాలవారికి చెప్పకుండా రెండ్రోజుల కవా పోస్తే జరిమానా ఏమిటో తెలుసా నీకు? కోర తిరిగిన పంది! వాళ్ళు కొండెక్కి మనకి పందులివ్వాల్సింది పోయి, మన పంది కొండ దిగి వాళ్ళింటికి పోతుంది. మన కమిషనరు!”

కమిషనరు అంటే పంది. నడకలో ఆ డాబు చూసి ఫిలోమెనే ఆ పేరు పెట్టింది. దాని కింది కోరలు గాజుల్లా గుండ్రంగా తిరిగి మళ్ళీ దవడ దగ్గరికి వచ్చాయి. అలా తిరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అన్నేళ్ళూ ఫిలోమెన్ దానికి దుంపలు ఉడికించి, మెదిపి, చేత్తో తినిపించింది. వచ్చే పంటకి ఆ పందిని కోసి విందు చేసి బులేకోన్ ఊళ్ళో ఒక మెట్టు పైకెక్కాలి. పెద్దమనుషుల వరసలో కూర్చోవాలి. ఆ వరసలో ఎక్కడ కూర్చోవాలో చోటు కూడా చూసుకుని ఉంచుకున్నాడు.

“ఆవిడతో నేను మాట్లాడతాను,” అన్నాడు. “మీరు నోరు విప్పకండి.”

* * *

జసింత్ నకమాల్ గుమ్మం దగ్గరి దూలం దాటలేదు. ఆడవాళ్ళు అక్కడే ఆగాలి. దూలం మీద కూర్చుని, బుట్ట పక్కన పెట్టుకుని, లోపలి చీకట్లోకి కళ్ళు చికిలించి చూసింది.

“చచ్చాడా?” అంది. అది ఆవిడ గుసగుస. ముసలమ్మ కింద బుట్టలో పుంజు ఉలిక్కిపడింది.

“లేదు వదినా! ఎంత మాట!” అన్నాడు బులేకోన్. “మా కవా కాస్త గట్టిది. విశ్రాంతి తీసుకుంటున్నాడు.”

“నిన్నటినించా?”

“గట్టి విశ్రాంతి.”

“బావా, ముందు ఒకటి చెప్పు. ఆయన మాత్ర వేసుకున్నాడా?”

“ఏ మాత్ర?”

“నిద్రకి వేసుకునే మాత్ర. ఆ మాత్రా కవా ఒక్క కడుపులో పడకూడదని దవాఖానా నర్సు వేలు చూపించి మరీ చెప్పింది. ఈయనకి గుర్తుండదు. నాకేమో కాళ్ళూ చేతులూ ఆడలేదు, తెల్లారగానే బండెక్కాను.”

ఫిలోమెన్ మొగుడికేసి చూసింది. బులేకోన్ ఇప్పటిదాకా కమిషనరు గురించే భయపడ్డాడు. ఇప్పుడు మొదటిసారి, చాపమీద పడున్నది ఒక మనిషి అని గుర్తొచ్చింది.

“బట్టలమూట చూడండి అత్తగారూ,” అంది ఒడెట్.

మూట దూలం దగ్గరికి తెచ్చారు. జసింత్ చొక్కా దులిపింది, తువ్వాలు దులిపింది, ఆఖర్న తన బుట్టలోనే చెయ్యి పెట్టి వెతుక్కుంది. అడుగున, అరటాకులో చుట్టి కాల్చిన దుంపల రొట్టె, లాప్‌లాప్ కింద, మాత్రల అట్ట దొరికింది.

“ఇదిగో! నేనే దాచాను మొన్న! దాచిన సంగతి మరిచిపోయాను.” ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి కప్పులో బల్లులు చోట్లు మారాయి. “ఒకసారి కళ్ళు చూడు బావా. రెప్ప ఎత్తి చూడు, పచ్చబడ్డాయా?”

బులేకోన్ పాకుతూ వెళ్ళి వేలితో మోల్గాస్ రెప్ప ఎత్తాడు. తెల్లటి కన్ను. అది తిరిగి బులేకోన్‌కేసే చూసింది. కాసేపు అలా ఒకరినొకరు చూసుకున్నారు. బులేకోన్ రెప్పని జాగ్రత్తగా, మూత పెట్టినట్టు, మూసేశాడు.

“తెల్లగానే ఉంది వదినా,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయేమో, జసింత్ మెడ చాచి చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

“బావా… ఆయన నవ్వుతున్నాడు.”

నవ్వుతున్నాడు నిజంగానే. పెదవులు రెండు పక్కలా మెత్తగా విచ్చుకుని ఉన్నాయి. నుదుటిమీద ఎప్పుడూ ఉండే ముడి విడిపోయింది.

“మా పెద్దాడు పుట్టినప్పుడు నవ్వాడు,” అంది జసింత్. ఈసారి నిజంగా గుసగుసే. “ఆ తరవాత ఇదే. పొద్దున లేస్తే తిట్టు, పడుకుంటే పళ్ళు కొరకడం. ఆ నిద్రమాత్రకి కూడా ఆ నుదురు విడలేదు. ఏం పోశావు బావా?”

“అదే… మా తోటది…”

“ఆ మొక్క కొమ్మలు నాకివ్వు. మా పెరట్లో నాటుకుంటాను. రోజూ సాయంత్రం ఒక చిప్ప పోస్తాను.”

బులేకోన్ నోరు తెరిచాడు. ఎంత తేలికైన దారి! కొమ్మలు గొయ్యి పక్కనే పడి ఉన్నాయి. మూటకట్టి ఇస్తే ఆవిడ సంతోషంగా దిగిపోతుంది, మచ్చలు ఎవరు చూస్తారు, పందీ మిగులుతుంది, పెళ్ళీ అవుతుంది. “దానికేం భాగ్యం వదినా,” అందామనుకున్నాడు. ‘దానికేం’ దాకా అన్నాడు కూడా.

“రోజూనా?” అంది ఒడెట్.

ఆ పిల్ల తండ్రికేసి చూడటంలేదు. తలవంచుకుని, అత్తగారి బుట్టలో లాప్‌లాప్ సర్దుతోంది.

“రోజూ,” అంది జసింత్. “ఈ నవ్వు రోజూ చూడొద్దూ?”

గోడ సందుల్లోంచి ఎండ చారలు చారలుగా మోల్గాస్ పొట్టమీద పడుతోంది. పొట్ట లేస్తోంది, దిగుతోంది.

బులేకోన్‌కి ఏటేటా తను కట్టిన నమేలే ఆకు గుర్తొచ్చింది. మంచిదనుకుని తను చేసింది ఒక్కసారి. తెలిసి ఆవిడచేత రోజూ చేయిస్తే? ఆ నవ్వే ఆయన ఒంట్లో నిలవపోసుకుని, పొట్టు రేగి, మంచం దిగలేక, ఒడెట్ కాపురానికి వెళ్ళిన ఇంట్లో… ఇదంతా ఆలోచించడానికి బులేకోన్‌కి ఇష్టంలేదు. కానీ ఆలోచన అడిగి రాదు కదా.

లేచి నిలబడ్డాడు. నకమాల్ నడిమి స్తంభం దగ్గరికి వెళ్ళి, దానిమీద అరచెయ్యి ఆనించాడు. తప్పు చెప్పుకునేవాడు అలాగే నిలబడతాడు. అక్కడ నిలబడి అన్న మాట మళ్ళీ వెనక్కి రాదు.

“ఏమయ్యా, నెమ్మదిగా…” అంది ఫిలోమెన్ దూలం మీంచి.

బులేకోన్‌కి నెమ్మదిగా చెప్పే తప్పు తప్పులా అనిపించలేదు. పొద్దుటినించీ గుసగుసలాడి గొంతు కూడా దురద పెడుతోంది.

“నేను మీకు రెండ్రోజుల కవా పోశాను!” అని కేకేశాడు. “తెలియక పోశాను! మా నాన్న కట్టిన ఆకుని తప్పుగా చదువుకున్నాను! తప్పు నాదే!”

కేక కప్పుకి తగిలి, కొండకి తగిలి, వాగు అవతల కుక్కలకి తగిలింది. అవి అందుకున్నాయి. బుట్టకింద పుంజు లేచి కూసింది. పట్టలేక ముసలమ్మ కూడా కేకేసింది.

చాపమీద మోల్గాస్ కళ్ళు తెరిచాడు. నవ్వు పోయింది. చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది, నిన్న దిగినంత నెమ్మదిగా.

“బావా… ఒక్క మాట…” అన్నాడు. నాలిక తడి చాపలా బరువుగా కదిలింది.

చాపలు, అనుకున్నాడు బులేకోన్. చాపలూ పందులూ కలిపి తగ్గిస్తాడు.

“నిన్న చెబుదామనుకున్నదీ… అదే. మొదటి చిప్పకే తెలిసింది. నీ పరువు పోకుండా… నీ చెవిలో చెబుదామని… రెండోది తాగేసి చెయ్యెత్తాను. నాలిక పడిపోయింది. అప్పట్నించీ… ఇలా పడుకుని… ఆ మాట కడుపులో పెట్టుకుని… ఎవడికీ తెలియనివ్వకూడదని చూస్తున్నాను.” మోల్గాస్ ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి, అది కవా వల్లో కోపం వల్లో తెలియదు. “నువ్వేమో స్తంభం పట్టుకుని… అరిచావు కదయ్యా!”

“మరి రెండోది ఎందుకు తాగావు బావా?”

“వియ్యంకుడు పోస్తే… వద్దంటానా?”

బులేకోన్ స్తంభం వదిలేసి అక్కడే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని పిసినారి అని, తగువులమారి అని, పెళ్ళాం దగ్గరా పంది దగ్గరా కూడా చెప్పుకున్నాడు. ఆ మనిషి చెయ్యి పట్టుకుందామని ముందుకి వంగాడు.

అప్పుడే పక్క చాపమీంచి ఒక వేలు లేచింది. మోల్గాస్ తమ్ముడు తరిబో వేలు. తరిబో కళ్ళు తెరవలేదు. ఆచారమంటే ప్రాణం పెట్టే మనిషి. ప్రాణం తప్ప మిగతావన్నీ అప్పటికి పడిపోయి ఉన్నాయి.

“విన్నాను,” అన్నాడు తరిబో. “పంది.”

“ఒరే తమ్ముడూ, ఊరుకోరా…” అన్నాడు మోల్గాస్.

“స్తంభం దగ్గర అన్నాడు. అందరం విన్నాం. పంది తన కాళ్ళమీద తను నడిచి రావాలి. గుమ్మం ముందు గుంజకి కట్టాలి. అది కట్టేదాకా మనం ఈ దూలం దాటకూడదు. దాటితే… పెళ్ళి లేదు.” వేలు దిగిపోయింది.

ఎదురు చెప్పడానికేముంది, అన్నది నిజమే. జసింత్ కూడా నోరు మూసుకుంది, అది చూసి ఫిలోమెన్‌కి ఇంకా భయం వేసింది.

బులేకోన్ కూతురికేసి చూశాడు. ఆ పిల్ల ఈసారి తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుదామా అని అడుగుతున్నట్టున్నాయి. పెద్దమనుషుల వరసలో తను చూసుకున్న చోటుని బులేకోన్ ఒకసారి తలుచుకున్నాడు. ఆ చోట్లో ఇంకెవడో కూర్చున్నట్టు కనిపించింది.

“వెళ్ళమ్మా,” అన్నాడు. “కమిషనరుని తీసుకురా.”

ఒడెట్ తాడు పట్టుకుని పరుగెత్తింది. ఫిలోమెన్ గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. “నా చేత్తో తినిపించాను,” అంది. “పోనీలే. పిల్లకోసమే కదా. వాళ్ళింట్లో కూడా దుంప మెదిపి పెట్టమని చెప్పాలి వదినా, గట్టిది తినలేడు…”

“పెడతాను వదినా,” అంది జసింత్. ఇద్దరాడవాళ్ళూ చేతులు పట్టుకున్నారు.

అంతలోనే ఒడెట్ తిరిగి వచ్చింది. తాడు చేతిలోనే ఉంది. రెండో కొసన పంది లేదు.

“నాన్నా, కమిషనరు లేవటంలేదు.”

“లేవకపోవడమేమిటి? చెవి పట్టుకుని లాగు.”

“లాగాను. అమ్మ గొంతుతో పిలిచాను. లేవటంలేదు.”

ఫిలోమెన్ నెమ్మదిగా మొగుడివైపు తిరిగింది.

“తొక్కలు,” అంది.

బులేకోన్ కప్పుకేసి చూశాడు.

“తొక్కలూ, ఆకులూ, పిప్పీ. ఎక్కడ పారేశావు?”

“నువ్వు చూస్తే తిడతావని… తెల్లారేలోగా… దొడ్లో…”

పందులదొడ్డి దగ్గరికి అందరికన్నా ముందు చేరింది ఫిలోమెనే. తొట్టి నాకినట్టు శుభ్రంగా ఉంది. పక్కన కమిషనరు, కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పరుచుకుని, పొట్ట నేలకానించి పడి ఉన్నాడు. గాజుల్లాంటి ఆ కోరల మధ్యనించి మూతి రెండు పక్కలా మెత్తగా విచ్చుకుని ఉంది. జసింత్ కంచెమీంచి వంగి చూసి, “అచ్చం మా ఆయనే,” అంది.

ఫిలోమెన్ ఏమీ అనలేదు. గుసగుసగా కూడా అనలేదు. పెళ్ళయిన నాటినించీ బులేకోన్ ఆవిడ నోట అన్ని రకాల తిట్లూ విన్నాడు గానీ, ఇది ఎప్పుడూ వినలేదు.

“బతికే ఉన్నాడు కదే?” అన్నాడు.

“లేచినా ఎల్లుండే నాన్నా,” అంది ఒడెట్. ఒడెట్ చేతిలో తాడు జారి బురదలో పడింది.

బులేకోన్ కంచె దాటి లోపలికి దిగాడు. మోకాళ్ళమీద కూర్చుని, వేలితో కమిషనరు రెప్ప ఎత్తాడు. కన్ను అతనికేసి చూసింది. ఏ తొందరా లేని కన్ను. ఈ పెళ్ళి ఇప్పుడే ఎందుకు, వచ్చే పంటకి చూసుకోకూడదా అన్నట్టుగా, అతను మూయకుండానే అది నెమ్మదిగా మూసుకుంది.

నకమాల్‌లోంచి తరిబో గొంతు సన్నగా వినిపించింది.

“పంది బయల్దేరిందా?”